యంత్రం బరువే చెబుతుంది, పేరు చెప్పేది పరిశోధకులు: ప్రోటియోమిక్స్‌లో ఏది కొలత, ఏది ఊహ

"ఒక్క రక్తపు బొట్టులో వేల ప్రోటీన్లు కొలిచారు, ఫలానా జబ్బును ఏళ్ల ముందే పసిగట్టొచ్చు" అనే వార్తలు ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నాయి. వాటి వెనక ప్రోటియోమిక్స్ అనే రంగం ఉంది. ఆ రంగంలో ఎక్కువగా వాడే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్. ల్యాబుల్లో దాన్ని మాస్ స్పెక్ అంటారు. వార్త చదివిన వాళ్లకు సాధారణంగా కలిగే అభిప్రాయం ఏమిటంటే, నమూనా లోపల పెడితే యంత్రం ప్రోటీన్ల పేర్ల జాబితా బయటకు ఇస్తుందని.

నిజానికి ఆ యంత్రానికి ఏ ప్రోటీన్ పేరూ తెలియదు. అది కొలిచేది రెండే. చార్జ్ ఉన్న ఒక అణువు ద్రవ్యరాశిని దాని చార్జ్‌తో భాగిస్తే ఎంత వస్తుంది, అలాంటి అణువులు ఎన్ని వచ్చి తగిలాయి. ఆ అంకెల నుంచి "ఇది ఫలానా ప్రోటీన్, ఈ కణంలో ఇంత ఉంది, జబ్బుతో దీనికి సంబంధం ఉంది" అనే మాట దాకా వెళ్లే దారంతా మనుషులు వేసిన తర్కమే. ఒక మాలిక్యులర్ బయాలజిస్ట్ ఈ రంగంలో పని చేస్తోందంటే ఆ దారిలో ప్రతి మెట్టూ ఎంత గట్టిదో పరీక్షించడమే ఆమె ఉద్యోగం. దారి తెలిస్తే వార్తల్లో ఏది కొలత, ఏది ఊహ అన్నది మనం కూడా విడదీసి చూడగలం.

జన్యువుల జాబితా చేతిలో ఉండగా ప్రోటీన్లను మళ్లీ ఎందుకు లెక్కపెట్టాలి

మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు. ప్రతి కణంలోనూ దాదాపు అవే ఉంటాయి. అయినా కాలేయ కణం వేరు, నాడీ కణం వేరు. ఏ జన్యువు నుంచి ఎంత ప్రోటీన్ తయారైంది, తయారయ్యాక దానికి ఏమేం తగిలించారు, ఎప్పుడు విరగ్గొట్టేశారు అన్న దాన్ని బట్టి ఆ తేడా వస్తుంది. ఒక కణంలో గానీ, కణజాలంలో గానీ, ఒక సమయంలో ఉన్న ప్రోటీన్లన్నిటినీ కలిపి ప్రోటియోమ్ అంటారు. ఈ మాటను 1994లో మార్క్ విల్కిన్స్ ఇటలీలోని సియెనాలో జరిగిన ఒక సమావేశంలో తెచ్చారు. ప్రోటియోమ్‌ను మొత్తంగా చదవడమే ప్రోటియోమిక్స్.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగానే వస్తుంది. జన్యువు నుంచి ముందు ఆర్ఎన్‌ఏ వస్తుంది, దాని నుంచి ప్రోటీన్ వస్తుంది. ఆర్ఎన్‌ఏని కొలవడం ఇప్పుడు చాలా సులువు. అది కొలిస్తే సరిపోదా? 1999లో ఈస్ట్ మీద జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో దీనికి జవాబు దొరికింది. ఆర్ఎన్‌ఏ ఒకే మోతాదులో ఉన్న కొన్ని జన్యువులకు ప్రోటీన్ మోతాదు 20 రెట్లకు పైగా తేడాగా కనిపించింది. ఆర్ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ ఎంత వేగంగా తయారవుతుందో, తయారైంది ఎన్నాళ్లు నిలుస్తుందో జన్యువును బట్టి మారిపోతుంది. ఆర్ఎన్‌ఏ కొలతలో ఆ సంగతి కనిపించదు.

అసలు చిక్కు అక్కడితో ఆగదు. ఒకే జన్యువు నుంచి వచ్చిన ప్రోటీన్ రకరకాల రూపాల్లో ఉంటుంది. ఒకదానికి ఫాస్ఫేట్ అంటుకుని ఉంటుంది, ఇంకొకదానికి చక్కెర గొలుసు వేలాడుతుంటుంది, మరొకటి సగానికి తెగి ఉంటుంది. ఈ రూపాలను 2013 నుంచి ప్రోటియోఫార్మ్‌లు అని పిలుస్తున్నారు. చాలా మందులు పనిచేసేది ఫాస్ఫేట్ తగిలించే ఎంజైముల మీదే కాబట్టి ఇది పుస్తకాల్లో మిగిలిపోయే సంగతి కాదు.

ప్రోటీన్‌ను గాల్లోకి లేపిన రెండు పద్ధతులు

మాస్ స్పెక్ కొత్త యంత్రం కాదు. ఫ్రాన్సిస్ ఆస్టన్ దాంతో ఐసోటోపులను కనిపెట్టి 1922లోనే నోబెల్ అందుకున్నారు. కానీ అది పనిచేయాలంటే అణువు ఆవిరిలా గాల్లో ఉండాలి, చార్జ్ ఉండాలి. చిన్న అణువులతో అది కుదిరింది. ప్రోటీన్‌ను వేడి చేస్తే ఆవిరి కాదు, మాడిపోతుంది. అందుకే చాలా దశాబ్దాల పాటు ఆ యంత్రం జీవశాస్త్రవేత్తలకు అక్కరకు రాలేదు.

1980లలో రెండు చోట్ల దారి తెరుచుకుంది. అమెరికాలోని యేల్‌లో జాన్ ఫెన్ ప్రోటీన్ ద్రావణాన్ని సన్నని సూది గుండా ఎక్కువ వోల్టేజ్‌లో చిమ్మించారు. బొట్లు ఆరిపోతూ చిన్నవైపోయి, చివరికి చార్జ్‌తో సహా ప్రోటీన్ ఒక్కటే మిగులుతుంది. దీన్ని ఎలక్ట్రోస్ప్రే అంటారు. రిటైర్మెంట్ నిబంధన వల్ల తన ల్యాబ్ స్థలం తగ్గిపోయిన వయసులో, డెబ్భై దాటాక, ఆయన దీన్ని పెద్ద ప్రోటీన్ల మీద చేసి చూపించారు. జపాన్‌లో షిమాడ్జు కంపెనీ ఇంజినీర్ కోయిచి తనాకా 1985లో ఒక కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిసరాల్ కలిపారు. దాన్ని పారేయకుండా లేజర్ కింద పెట్టి చూశారు. అణువులు విరగకుండా లేచాయి. 2002లో ఇద్దరూ రసాయన శాస్త్ర నోబెల్‌లో సగభాగాన్ని పంచుకున్నారు. తనాకాకు డాక్టరేట్ లేదు.

ఆ బహుమతి మీద అప్పట్లో చర్చ నడిచింది, అది న్యాయమైన చర్చే. ల్యాబుల్లో రోజూ వాడేది తనాకా పద్ధతి కాదు. జర్మన్ శాస్త్రవేత్తలు మైఖేల్ కరాస్, ఫ్రాంజ్ హిల్లెన్‌క్యాంప్ తీర్చిదిద్దిన మాల్డీ అనే పద్ధతే వాడుకలో నిలిచింది. పెద్ద ప్రోటీన్‌ను మొదట లేపి చూపించిన వాళ్లకు ఇవ్వాలా, అందరికీ పనికొచ్చేలా చేసిన వాళ్లకు ఇవ్వాలా అన్నది ఆ వాదన సారం. నోబెల్ కమిటీ మొదటి వైపు మొగ్గింది.

ఒక పెప్టైడ్‌ను చేత్తో చదివి చూద్దాం

మొత్తం ప్రోటీన్‌ను నేరుగా తూచడం ఇప్పటికీ కష్టమే. అందుకని ఎక్కువ ల్యాబులు దాన్ని ముందు ముక్కలు చేస్తాయి. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కలిపి రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ట్రిప్సిన్ ఎక్కడ పడితే అక్కడ కోయదు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చిన గొలుసు. అందులో లైసీన్, ఆర్జినీన్ అనే రెండు అమైనో ఆమ్లాల తర్వాతే కోస్తుంది. వాటి పక్కన ప్రోలీన్ ఉంటే సాధారణంగా కోయకుండా వదిలేస్తుంది. అలా వచ్చే చిన్న ముక్కలే పెప్టైడ్‌లు. ఎక్కడ కోస్తుందో ముందే తెలుసు కాబట్టి, జన్యు సమాచారం చూసి ఏ ప్రోటీన్ ఏయే ముక్కలు ఇవ్వాలో కంప్యూటర్‌లో లెక్కవేసి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అలనీన్, సెరీన్, వాలీన్, టైరోసీన్, లైసీన్ అనే అయిదు వరుసగా ఉన్న ఒక పెప్టైడ్ తీసుకుందాం. గొలుసులో వాటి బరువులు వరుసగా 71, 87, 99, 163, 128 డాల్టన్లు (ఒక డాల్టన్ అంటే సుమారు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు). కూడితే 548. గొలుసు రెండు కొసల్లో మిగిలే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి ఒక నీటి అణువు బరువు 18, చార్జ్ కోసం అంటుకున్న ప్రోటాన్‌కు 1. మొత్తం 567. యంత్రంలో 567 దగ్గర ఒక గీత కనిపిస్తుంది. అదే పెప్టైడ్ రెండు ప్రోటాన్లు తగిలించుకుంటే బరువు 568, చార్జ్ 2, కాబట్టి గీత 284 దగ్గర పడుతుంది. బరువును చార్జ్‌తో భాగించడం అంటే ఇదే.

567 అన్న ఒక్క అంకెతో ఏమీ తేలదు. ఆ అయిదు అమైనో ఆమ్లాలనూ ఎటు మార్చి పేర్చినా బరువు అంతే వస్తుంది. అందుకే యంత్రం రెండో పని చేస్తుంది. ఆ బరువున్న వాటినే ఏరి, ఒక వాయువుతో ఢీకొట్టించి విరగ్గొడుతుంది. పెప్టైడ్ ఎక్కువగా అమైనో ఆమ్లాల మధ్య బంధం దగ్గరే విరుగుతుంది, ఒక్కో అణువు ఒక్కో చోట. లైసీన్ కొస ఉన్న ముక్కలను చూస్తే 147, 310, 409, 496, 567 దగ్గర గీతలు వస్తాయి. మొదటి గీత లైసీన్‌ది: 128కి 19 కలిపితే 147. పక్కపక్క గీతల మధ్య తేడాలు తీయండి. 163, 99, 87, 71. అంటే టైరోసీన్, వాలీన్, సెరీన్, అలనీన్. వరుస వెనక నుంచి చదివేశాం.

ఈ మాత్రం లెక్క కాగితం మీద చేయొచ్చు. అసలు నమూనాలో ఇలాంటివి గంటలో వేలకు వేలు వస్తాయి, పైగా సగం గీతలు ఉండవు, ఉన్నవాటిలో కొన్ని ఇంకెవరివో. అందుకని 1994లో జాన్ యేట్స్ బృందం సీక్వెస్ట్ అనే ప్రోగ్రామ్ రాసింది. అది ఎదురు పద్ధతిలో పోతుంది. డేటాబేస్‌లో ఉన్న పెప్టైడ్‌లలో ఈ బరువుకు సరిపోయేవి తీసి, ఒక్కొక్కటి విరిగితే గీతలు ఎలా రావాలో ఊహించి, వచ్చిన గీతలతో పోల్చి మార్కులు వేస్తుంది. ఎక్కువ మార్కులు వచ్చినదే జవాబు. ఇప్పటికీ ఈ రంగం నడిచేది చాలావరకు ఈ పద్ధతి మీదే. దీనిలోని బలహీనత కూడా ఇక్కడే కనిపిస్తుంది. డేటాబేస్‌లో లేనిది ఎప్పటికీ దొరకదు. అసలు జవాబు అందులో లేకపోయినా ఏదో ఒకటి మొదటి స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది.

బరువు ఒకటే అయినప్పుడు

లూసీన్, ఐసోలూసీన్ అనే రెండు అమైనో ఆమ్లాల బరువు దశాంశాలతో సహా సమానం. రెండింట్లో అవే పరమాణువులు, అమరికే వేరు. మామూలు పద్ధతిలో వాటిని విడదీయలేం. రెండు గ్లైసీన్లు పక్కపక్కన ఉంటే వాటి బరువు ఒక ఆస్పరజీన్‌తో సరిగ్గా సమానం.

ఇంతకంటే ముఖ్యమైనది హిస్టోన్ల విషయం. కణ కేంద్రకంలో డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లు హిస్టోన్లు. హిస్టోన్ హెచ్3లో తొమ్మిదో స్థానంలోని లైసీన్‌కు ఎసిటైల్ గుంపు తగిలితే ఆ ప్రాంతంలో జన్యువులు సాధారణంగా పనిచేస్తుంటాయి. అదే చోట మూడు మిథైల్ గుంపులు తగిలితే ఆ జన్యువులు మూగబోతాయి. అర్థాలు ఒకదానికొకటి వ్యతిరేకం. బరువులు చూస్తే ఎసిటైల్ వల్ల 42.011 పెరుగుతుంది, మూడు మిథైళ్ల వల్ల 42.047 పెరుగుతుంది. తేడా 0.036 డాల్టన్లు. 1500 డాల్టన్ల పెప్టైడ్‌లో అది పది లక్షల్లో 24 వంతులు. పాత యంత్రాలకు ఈ రెండూ ఒకటే. 2005లో మార్కెట్‌లోకి వచ్చిన ఆర్బిట్రాప్ లాంటి యంత్రాలు పది లక్షల్లో కొద్ది వంతుల తేడా కూడా పట్టుకుంటాయి. అలెగ్జాండర్ మకరోవ్ రూపొందించిన ఈ యంత్రంలో అయాన్లు కదురు ఆకారంలో ఉన్న ఒక ఎలక్ట్రోడ్ చుట్టూ తిరుగుతూ ముందుకీ వెనక్కీ ఊగుతాయి, ఆ ఊగే వేగం నుంచి బరువు లెక్కకడతారు. ఒక జీవశాస్త్ర ప్రశ్నకు జవాబు రావడం రెండో దశాంశ స్థానం మీద ఆధారపడి ఉండటం ఈ రంగంలో నాకు బాగా నచ్చే విషయం.

ఒక శాతం తప్పు ఎలా పెరుగుతుంది

మార్కులు ఎన్ని వస్తే జవాబు సరైనదని ఒప్పుకోవాలి? దీనికి వాడే ఉపాయం తెలివైనది. అసలు ప్రోటీన్ల డేటాబేస్‌తో పాటు, వాటి వరుసలను తిరగేసి తయారుచేసిన దొంగ ప్రోటీన్ల డేటాబేస్‌ను కూడా కలిపి వెతుకుతారు. దొంగ ప్రోటీన్లు ప్రకృతిలో లేవు. కాబట్టి వాటికి ఎన్ని మ్యాచ్‌లు పడితే, అసలు జాబితాలో కూడా అన్ని తప్పులు ఉన్నట్టే. తప్పులు ఒక శాతం మించకుండా మార్కుల హద్దు పెడతారు.

ఒక శాతం అంటే మంచిదే కదా అనిపిస్తుంది. ఉదాహరణగా 50,000 గీతల చిత్రాలకు పెప్టైడ్ పేర్లు పెట్టామనుకుందాం. వాటిలో 500 తప్పు. సరైన 49,500 చిత్రాలు నమూనాలో నిజంగా ఉన్న 5,000 ప్రోటీన్ల మీదే పదేపదే పడతాయి. తప్పు మ్యాచ్‌లు అలా కాదు. వాటికి ఏ ప్రోటీన్ అయినా ఒకటే, మొత్తం 20 వేలలో ఎక్కడైనా పడొచ్చు. నాలుగో వంతు, అంటే 125, ఎలాగూ జాబితాలో ఉన్న వాటి మీదే పడి కలిసిపోతాయి. మిగతా 375 దాదాపుగా ఒక్కొక్కటి ఒక్కో కొత్త ప్రోటీన్‌ను జాబితాలో చేరుస్తుంది. చివరికి 5,375 ప్రోటీన్ల జాబితా వస్తుంది, అందులో 375 లేనివే. పెప్టైడ్ దగ్గర ఒక శాతంగా ఉన్న తప్పు ప్రోటీన్ దగ్గరికి వచ్చేసరికి ఏడు శాతం అయింది. ఇలాంటి ప్రయోగాలను వందల కొద్దీ కలిపితే నిజమైనవి పెరగడం ఆగిపోతుంది, తప్పులు మాత్రం పోగవుతూనే ఉంటాయి.

ఇది ఊహించి చెప్పే ప్రమాదం కాదు. 2014 మేలో నేచర్ పత్రికలో మానవ ప్రోటియోమ్ తొలి ముసాయిదా పటాలు రెండు ఒకేసారి వచ్చాయి. ఒకటి అఖిలేశ్ పాండే నాయకత్వంలో జాన్స్ హాప్కిన్స్, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మేటిక్స్ కలిసి చేసింది. 17,294 జన్యువుల ప్రోటీన్లు దొరికాయని చెప్పింది. రెండోది మ్యూనిక్‌లో బెర్న్‌హార్డ్ కుస్టర్ బృందానిది, 18,097 అంది. రెండూ గొప్ప పనులే. కొద్ది నెలల్లోనే ఇతర పరిశోధకులు ఆ జాబితాల్లో ఒక వింత చూపించారు. వాసన పసిగట్టే గ్రాహక ప్రోటీన్లు రెండింట్లోనూ వందకు పైగా ఉన్నాయి. పరీక్షించిన కణజాలాల్లో ముక్కు లోపలి పొర లేదు. ఆ గ్రాహకాలు అక్కడక్కడా వేరే అవయవాల్లో కూడా కొద్దిగా ఉంటాయన్నది నిజమే. కానీ వాటికి ఆధారంగా చూపిన చిత్రాలు తీసి చూస్తే చాలావాటిలో గీతలు సరిగా పోలలేదు.

దీని నుంచి రెండు వాదనలు తయారయ్యాయి. హద్దులు బిగించాలి, రుజువు లేనిది జాబితాలో ఉండకూడదని ఒక పక్షం. మరీ బిగిస్తే తక్కువ మోతాదులో నిజంగా ఉన్న ప్రోటీన్లను కూడా పోగొట్టుకుంటాం, తప్పును ప్రోటీన్ స్థాయిలో లెక్కగట్టే మెరుగైన పద్ధతి కావాలని రెండో పక్షం. కుస్టర్ బృందమే 2015లో అలాంటి ఒక పద్ధతి ఇచ్చింది. ప్రోటియోమ్ పరిశోధకుల అంతర్జాతీయ సంస్థ హ్యూపో మాత్రం కొత్త ప్రోటీన్ దొరికిందని చెప్పాలంటే కనీసం తొమ్మిది అమైనో ఆమ్లాలున్న వేర్వేరు పెప్టైడ్‌లు రెండు కావాలని నియమం పెట్టింది. నా దృష్టిలో జాబితా తయారుచేసే పనికి హ్యూపో నియమమే సరైనది. ఒక నిర్దిష్ట ప్రోటీన్ కోసం వెతికే వాళ్లకు మాత్రం రెండో పక్షం మాటలో బలం ఉంది.

ఇక్కడ మరచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. రెండు బృందాలూ ముడి డేటాను అందరికీ అందుబాటులో పెట్టాయి. అందుకే ఇతరులు తీసి చూడగలిగారు.

రక్తం ఎందుకంత కష్టం

రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఒక మిల్లీలీటర్‌లో 35 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటుంది. వాపు, ఇన్ఫెక్షన్లలో పెరిగే ఇంటర్‌ల్యూకిన్-6 ఆరోగ్యవంతుల్లో ఒక మిల్లీలీటర్‌లో కొన్ని పికోగ్రాములే. రెండింటికీ మధ్య తేడా సుమారు వెయ్యి కోట్ల రెట్లు. హోరు మధ్య గుసగుస వినాల్సిన పరిస్థితి ఇది. జబ్బు తొలి దశలో కణజాలం నుంచి రక్తంలోకి కారే ప్రోటీన్లు సాధారణంగా ఆ గుసగుస వైపే ఉంటాయి.

2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ కష్టాన్ని దాటేశామని ఆశ పెట్టింది. రక్తపు సీరమ్‌లోని ప్రోటీన్ గీతల నమూనా చూసి అండాశయ క్యాన్సర్ పట్టేశారు. పరీక్షించిన 50 మంది రోగులనూ సరిగ్గా గుర్తించింది. క్యాన్సర్ లేని 66 మందిలో 63 మందిని సరిగ్గా వదిలేసింది. అంటే సున్నితత్వం 100 శాతం, నిర్దిష్టత 95 శాతం.

ఈ అంకెలు పూర్తిగా నిజమే అనుకుని జనం మీద వాడి చూద్దాం. 10,000 మంది స్త్రీలలో నలుగురికి ఈ క్యాన్సర్ ఉందనుకుందాం. నలుగురూ దొరుకుతారు. మిగతా 9,996 మందిలో అయిదు శాతం, అంటే సుమారు 500 మందికి కూడా "ఉంది" అనే వస్తుంది. రిపోర్టు పాజిటివ్ వచ్చిన ప్రతి 126 మందిలో నిజంగా జబ్బున్నది ఒక్కరికే. ఈ క్యాన్సర్‌ను నిర్ధారించాలంటే చివరికి ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు. మిగతా 125 మంది టెన్షన్, వాళ్ల మీద జరిగే కోతలు లెక్కలోకి తీసుకుంటే 95 శాతం ఏ మూలకూ చాలదు.

అంకెలు కూడా నిలవలేదు. అదే బృందం ఇంటర్నెట్‌లో పెట్టిన డేటాను కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ మళ్లీ విశ్లేషించారు. రోగుల నమూనాలకూ ఆరోగ్యవంతుల నమూనాలకూ కనిపించిన తేడాలో కొంత జబ్బు వల్ల వచ్చినట్టు లేదని, యంత్రం సర్దుబాటు, నమూనాలు నడిపిన తీరు లాంటి కారణాల వల్ల వచ్చినట్టుందని చూపించారు. దీని మీద ఆధారపడి రాబోయిన వాణిజ్య పరీక్షకు 2004లో అమెరికా ఎఫ్‌డీఏ అడ్డుపడింది. మూల పరిశోధకులు తమ దారి సరైనదేనని వాదించారు, యంత్రాలు మెరుగయ్యే కొద్దీ ఫలితాలు నిలకడగా వస్తాయన్నారు. ఆ ఆలోచనలో తప్పు లేదు. రోగులవీ మిగతావాళ్లవీ కలగలిపి, గుర్తులు దాచి, ఒకే రోజున నడపడం లాంటి జాగ్రత్తలు ఆ రోజుల్లో ఇంకా అలవాటు కాకపోవడమే దెబ్బతీసింది.

ఇలాంటి పని నుంచి నిలబడినవి కూడా ఉన్నాయి. ఓవా1 అనే పరీక్ష 2009లో ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. అది అయిదు ప్రోటీన్లను కొలుస్తుంది. అందరినీ వడపోయడానికి కాదు. అండాశయంలో గడ్డ ఉందని ముందే తేలి, ఆపరేషన్‌కు సిద్ధమైన స్త్రీలలో క్యాన్సర్ అవకాశం ఎంతో అంచనా వేయడానికి. ఇక సందేహం లేని విజయం కావాలంటే సూక్ష్మజీవుల ల్యాబ్‌కు వెళ్లాలి. మాల్డీ యంత్రం మీద బ్యాక్టీరియా కాలనీని కొద్దిగా పూసి లేజర్ కొడితే, ముఖ్యంగా రైబోజోమ్ ప్రోటీన్ల గీతల వరసను బట్టి నిమిషాల్లో పేరు చెప్పేస్తుంది. ఇంతకుముందు అందుకు ఒక రోజో రెండు రోజులో పట్టేది. అక్కడ ప్రోటీన్లు పుష్కలం, ప్రశ్న ఒక్కటే, పోల్చడానికి పటాలు సిద్ధం. రక్తంలో తొలి దశ క్యాన్సర్‌కు ఈ మూడూ లేవు.

యాంటీబాడీ కిట్లా, మాస్ స్పెక్కా

ఇప్పటి వార్తల్లోని "వేల ప్రోటీన్లు" చాలావరకు మాస్ స్పెక్ నుంచి రావడం లేదు. ఓలింక్, సోమాస్కాన్ లాంటి పద్ధతులు వేరు. ఓలింక్‌లో ఒకే ప్రోటీన్‌కు రెండు యాంటీబాడీలు పక్కపక్కన అతుక్కుంటేనే డీఎన్‌ఏ తోకలు కలిసి సంకేతం వస్తుంది. సోమాస్కాన్‌లో యాంటీబాడీలకు బదులు డీఎన్‌ఏ ముక్కలే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. యూకే బయోబ్యాంక్‌లో 54,219 మంది ప్లాస్మాలో 2,923 ప్రోటీన్లను ఓలింక్‌తో కొలిచి 2023లో ప్రకటించారు. అంతమందిని అప్పటి మాస్ స్పెక్‌తో చేయడం ఆచరణలో కుదిరే పని కాదు.

కిట్ల పక్షం చెప్పేది ఇదే: తక్కువ మోతాదు ప్రోటీన్లు అందుతాయి, వేల మంది నమూనాలు ఒకే తీరులో నడుస్తాయి. మాస్ స్పెక్ పక్షం అడిగేది వేరు: పట్టుకున్నది ఆ ప్రోటీన్‌నేనని రుజువేంటి? యాంటీబాడీ పోలిక ఉన్న మరో ప్రోటీన్‌ను పట్టుకోవచ్చు. జన్యు తేడా వల్ల ప్రోటీన్ ఆకారం కొద్దిగా మారితే, మోతాదు తగ్గకపోయినా పట్టు తప్పి తక్కువగా చూపించొచ్చు. రెండు కిట్లతో ఒకే మనుషులను కొలిచినప్పుడు కొన్ని ప్రోటీన్లకు అంకెలు చక్కగా కలిశాయి, చాలావాటికి కలవలేదు. మాస్ స్పెక్‌లో వరుసే చదువుతాం కాబట్టి గుర్తింపు గట్టిది, తప్పు ఎంతో అంచనా కూడా కట్టొచ్చు. అయితే అది తక్కువ మోతాదు దగ్గర ఇంకా వెనకబడే ఉంది. ఇప్పుడు చాలా బృందాలు కిట్‌తో వెతికి, దొరికిన కొద్దింటిని మాస్ స్పెక్‌తో నిర్ధారించే దారి పడుతున్నాయి.

ఈ రంగంలో ఒక జీవశాస్త్రవేత్త కెరీర్

1990లలో ఈ రంగంలోకి వచ్చిన ఒక మాలిక్యులర్ బయాలజిస్ట్ పని జెల్ మీద మొదలై ఉంటుంది. 1975లో ప్యాట్రిక్ ఓఫారెల్ పరిచయం చేసిన రెండు దిశల జెల్ అది. ప్రోటీన్లు చుక్కలుగా విడిపోతాయి, ఒక్కో చుక్కను బ్లేడుతో కోసి యంత్రానికి ఇవ్వాలి. 2001 వచ్చేసరికి యేట్స్ బృందం జెల్ లేకుండానే మొత్తం మిశ్రమాన్ని కోసి నడిపే పద్ధతి చూపింది. జెల్ నైపుణ్యం విలువ తగ్గిపోయింది. 2005 తర్వాత ఆర్బిట్రాప్, 2012లో, కనిపించిన పెప్టైడ్‌లన్నిటినీ ఏరకుండా విరగ్గొట్టే స్వాత్ పద్ధతి, 2019 నుంచి గీతలు ఎలా వస్తాయో ముందే ఊహించే న్యూరల్ నెట్‌వర్క్‌లు. పదేళ్లకోసారి చేతిపని మారిపోయింది. 2014 నాటికే ఈస్ట్‌లోని దాదాపు 4,000 ప్రోటీన్లను గంటకు కాస్త ఎక్కువ సమయంలో గుర్తించగలిగారు. ఈ మార్పులన్నిటినీ తట్టుకుని నిలిచిన వాళ్లను చూస్తే, పద్ధతిని కాకుండా ఒక జీవశాస్త్ర ప్రశ్నను పట్టుకున్న వాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

రోజువారీ పనిలో ఎక్కువ భాగం శుభ్రత. కెరాటిన్ మన చర్మం, జుట్టు, గోళ్లలోని ప్రోటీన్. గాల్లో తేలే దుమ్ములో కూడా అదే. చేతి తొడుగులు లేకుండా ట్యూబు మూత తీస్తే చాలు, పరిశోధకుడి సొంత చర్మమే ఫలితాల్లో పైన కనిపిస్తుంది. ఉన్ని స్వెటర్ వేసుకుని వస్తే గొర్రె కెరాటిన్ వస్తుంది. గాజుసామాను డిటర్జెంట్‌తో కడిగితే పాలిథిలీన్ గ్లైకాల్ గీతలు సరిగ్గా 44 డాల్టన్ల దూరంలో మెట్ల మాదిరిగా వరుసకట్టి, అసలు పెప్టైడ్‌లను కప్పేస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు ఆ మెట్లు చూడగానే యంత్రం ఆపేస్తారు. నమూనాల మధ్యలో మళ్లీమళ్లీ హీలా అనే, ల్యాబులో పెంచే మానవ కణాల పెప్టైడ్‌లు నడిపి, నిన్న వచ్చినన్ని ప్రోటీన్లు ఇవాళా వస్తున్నాయో లేదో చూడటం ఇంకో అలవాటు. 2002 నాటి గొడవ లాంటిది మళ్లీ జరగకుండా ఆపేది ఇలాంటి చిన్న పనులే.

కెరీర్ విషయంలో తేలని ప్రశ్న ఒకటి ఉంది. యంత్రం ఖరీదు వల్ల చాలా సంస్థలు ఒకే చోట పెట్టి అందరికీ సేవ అందిస్తాయి. అక్కడి నిపుణులు పదుల కొద్దీ పరిశోధన పత్రాల్లో మధ్యలో ఎక్కడో ఒక పేరుగా ఉంటారు. ఇది సేవే, అసలు ఆలోచన నమూనా తెచ్చిన వాళ్లదని కొందరంటారు. ప్రయోగం ఎలా వేయాలి, ఎన్ని నమూనాలు కావాలి, ఏ ఫలితాన్ని నమ్మకూడదు అని నిర్ణయించేది ఆ నిపుణులే అయినప్పుడు వాళ్లను సేవకే పరిమితం చేయడం సరికాదని మరికొందరంటారు. నేను రెండో మాటనే నమ్ముతాను. పైన చెప్పిన వాసన గ్రాహకాల తప్పులోనూ, అండాశయ క్యాన్సర్ పరీక్ష తప్పులోనూ కావాల్సింది అదే రకం విచక్షణ.

ఇంకా దొరకనివి

హ్యూపో పెట్టిన కఠిన నియమాల ప్రకారం 2020 నాటికి మానవ ప్రోటియోమ్‌లో 90 శాతానికి కాస్త పైగా రుజువైంది. మిగిలినవి దొరకకపోవడానికి కారణాలు వేర్వేరు. కొన్ని పిండ దశలోనో, చేతికందని ఏదో ఒక కణజాలంలోనో, కొద్దిసేపు మాత్రమే తయారవుతాయి. కొన్ని కణపొరలో కూరుకుపోయి నీటిలో కరగవు, వాసన గ్రాహకాలు ఆ జాతివే. ఇంకొన్నింటిలో లైసీన్, ఆర్జినీన్ ఎక్కడో దూరంగానో, మరీ దగ్గరగానో ఉంటాయి. ట్రిప్సిన్ కోసిన ముక్కలు యంత్రానికి పనికిరానంత పెద్దవో, ఎవరివో చెప్పలేనంత చిన్నవో అవుతాయి. వాటికోసం వేరే చోట్ల కోసే ఎంజైములు వాడుతున్నారు. అసలు కోయకుండా మొత్తం ప్రోటీన్‌నే తూచే పద్ధతిని మెరుగుపరుస్తున్నారు. అది కుదిరితే ప్రోటియోఫార్మ్‌లు కూడా విడివిడిగా కనిపిస్తాయి, ఎందుకంటే ముక్కలు చేసిన తర్వాత ఏ ఫాస్ఫేట్ ఏ చక్కెర గొలుసుతో పాటు ఒకే అణువు మీద ఉండేదో చెప్పే ఆధారం మిగలదు.